లెక్కరాని బిడ్డకు చిల్లరలెక్క

బియ్యము కొలిచి యెసటిలో పోయునప్పుడును, పాలవాని ఖాతా నెలాఖరున సరిచూచునప్పుడును, పిల్లవాని అంగీకి జానలతో గుడ్డ కొలుచునప్పుడును మనము గణితము చేయుచున్నామని తలంపము. అది చేతికి వచ్చిన పనియైపోయినది. కావుననే, ఎదిగిన బిడ్డ యొకతె పదిరూపాయల నోటు చేతబట్టుకొని దుకాణము ముందు నిలిచి, ఆఱు రూపాయల వస్తువు కొన్నచో ఎంత తిరిగి రావలయునో తెలియక దిక్కులు చూచుచుండగా మనకు ముందు నవ్వు వచ్చును, పిదప జాలి కలుగును. ఆ రెండింటిలో దేనివలనను ఆ బిడ్డకు లెక్క రాదు. ఈ సంగతి మేము పుస్తకములు చదివి తెలిసికొన్నది కాదు. మా వాకిటికి వచ్చిన యొక బాలికవలనను, ఆమె విషయమున మేము చేసిన తప్పువలనను తెలిసికొంటిమి.

మేము నివసించునది రాయికోడ్. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు ప్రాంతమునకు చేరిన మండలకేంద్రము. జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు 1956వ సంవత్సరము వఱకు బీదరు జిల్లాలో నుండెడివి. రాష్ట్రముల పునర్విభజనలో అవి తెలుగువారి పాలికి వచ్చినవి. కావున ఇప్పటికిని మా వైపు అంగళ్లలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడుచుండును. ఈ మాట యిప్పుడేల యందురేమో! లెక్కలు నేర్పబోయినప్పుడు ఇదియే మాకు పెద్ద చిక్కైనది. మా వారు బడిపంతులు. మేము మాత్రము బడిలో కంటె ఇంటనే యెక్కువగా చదివినవారము. మా తండ్రిగారు అమరము, పంచకావ్యములు చెప్పిరి గాని, లెక్క నేర్పినది మా అమ్మమ్మ, చింతపిక్కలతో.

మా యింటికి రెండిండ్లవతల నున్న యిల్లాలు పత్తిచేలలో కూలికి పోవును. ఆమెకొక్కతియే కూతురు. రెండేండ్ల క్రిందట మేమెఱిగిన నాటికి ఆ బాలికకు పండ్రెండేండ్లు. పేరెత్తుట భావ్యము కాదు గావున చిన్నది యందుము. నడక, మాట అన్నియు ఆలస్యముగా వచ్చినవట. మేధోవైకల్యమని వైద్యులు వ్రాసియిచ్చిన కాగితమును తల్లి పెట్టె యడుగున దాచుకొన్నది. చిన్నది ఆఱవ తరగతిలో కూర్చుండుచుండెను. కూర్చుండుట తప్ప వేఱొండు లేదు. అయినను ఒకటి మొదలు నూఱు వఱకు గడగడ అప్పగించెడిది. విన్నవారు, ఈ పిల్లకేమి కొఱత, అందురు. ఒకనాడు మేము బుట్ట చూపి, నాలుగు నిమ్మకాయలు తెమ్మంటిమి. ఒక్కొక్క కాయను ముట్టుచు ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆఱు’ అనుచు, నోరు చేతికంటె ముందు పరుగెత్తగా, పదివఱకు చదివి, బుట్టతో సహా తెచ్చి మా యెదుట పెట్టినది. అప్పుడు తెలిసినది: ఆమెకు అంకెలు పాటగా వచ్చును, లెక్కగా రావు.

తల్లి నిట్టూర్చి యిట్లన్నది: “చెల్లె, దీనికి లెక్కలు రావు. గీ యేడు బడి మాన్పిస్తా. మేకలన్న కాసుకుంటది. బడికి పోయి ఏం చేస్తది? నేను లేని నాడు దీని చేతుల పింఛన్ పైసలు పెడితె ఎవ్వలన్న గుంజుకుంటరు. గదే నా రంది.”

ఆ తల్లి రంది బడిలెక్క కాదు, భిన్నములు కాదు, వర్గమూలములు కాదు. తాను కన్ను మూసిన పిదప ఆ బిడ్డ చేతిలోని రూపాయి ఆ బిడ్డదిగా నిలుచునా, లేదా? ఇంతకంటె సూటిగా గణితశాస్త్ర ప్రయోజనమును చెప్పినవారిని మే మెఱుగము. తొమ్మిదవ శతాబ్దిలో మాన్యఖేటమున, అనగా మాకు నైరుతిగా కలబురగి జిల్లాలో నున్న నేటి మల్‌ఖేడున, రాష్ట్రకూటులు రాజ్యమేలిన కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు చేసెను. ఆ మహావీరాచార్యుడు గ్రంథారంభమున గణితము ఎక్కడెక్కడ పనికివచ్చునో చెప్పుచు, ఆ పట్టికలో వంటపనిని గూడ చేర్చెను. ఆ యొక్క మాటకే మన ఆడువారు ఆయనకు నమస్కరింపవలెను.

ఇక మా తప్పు చెప్పెదము. చిన్నదానిపై జాలితో మేము ఆమెను దుకాణమునకు పంపుచుంటిమి. చీటిలో వస్తువుల పేళ్లు వ్రాసి, సరిగా అంతకు సరిపడు పైకము కాగితములో చుట్టి యిచ్చెడివారము. దుకాణదారు చీటి చదువుకొని, పొట్లము విప్పి, వస్తువులిచ్చి పంపెడివాడు. చిన్నది దుకాణమునకు పోవుట నేర్చినదని మేము సంతోషించితిమి, నలుగురితో చెప్పుకొంటిమి. ఆమె నేర్చినది మోసికొని పోవుట, మోసికొని వచ్చుట మాత్రమే. ఒకనాడు తల్లి మా చీటి లేకయే అయిదువందల నోటిచ్చి నలువది రూపాయల నూనె తెమ్మని పంపినది. బిడ్డ నూనెయు, అఱువది రూపాయలును తెచ్చినది. ఇచ్చినది నూఱు రూపాయల నోటని ఆ దుకాణములోనివారు భ్రమించిరో, భ్రమించినట్లు నటించిరో, మేము చూడలేదు. పోయిన నాలుగువందలు తల్లికి ఒకదినపు కూలికి తక్కువ కాదు. ఆమె దుకాణముపై మాటాడలేక బిడ్డను కొట్టినది. ఆ రాత్రి మాకు కూడు సహింపలేదు. చీటి వ్రాసిన చేయి మాది గదా!

మఱునాడు మా వారు భవిత కేంద్రములో పనిచేయు ప్రత్యేకోపాధ్యాయిని నొకామెను మా యింటికి రప్పించిరి. సమగ్ర శిక్ష క్రింద మండలకేంద్రములయందు ఈ భవిత కేంద్రములను నడుపుదురు; లోపములు గల బాలలకు అచ్చట చదువును, అవయవ వ్యాయామములును నేర్పుదురు. తమ మండలమున ఇట్టిదొకటి యుండవచ్చునని యెఱుగని తల్లులు పెక్కుమంది యున్నారు గావున ఇంత విప్పి వ్రాయుచున్నాము. ఆమె మా కథయంతయు విని నవ్వి, “మీరు ఆమె లెక్కను మీరే చేసి పెట్టుచున్నారు. ఇక ఆమెకేమి మిగిలినది?” అనిరి. పిదప బిడ్డకు ఏమి రాదో అడుగలేదు. ఏమి వచ్చునో అడిగిరి.

ఏమి వచ్చును? అడిగిన తల్లి తెల్లబోయినది. అంతలో సాయంకాలమైనది. మేకలు దొడ్డికి వచ్చుచుండెను. చిన్నది గడపలో నిలిచి చూచి, “నల్లచెవులది రాలే” అన్నది. తొమ్మిది మేకలలో ఒకటి వెనుకబడిన సంగతి తల్లికంటె ముందు ఆమెకు తెలిసినది. లెక్కించి కాదు, ముఖములనుబట్టి. ఉపాధ్యాయిని దోసెడు గులకఱాళ్లు తెప్పించి, మేకకొక రాయి చొప్పున చిన్నదానిచేతనే గడపమీద పెట్టించిరి. మఱునాటి సాయంకాలమునుండి మేక లోనికి పోగా ఒక రాయి చట్టిలో వేయుట చిన్నదాని పని. రాయి మిగిలినచో మేక రాలేదు. ఈ యొక్క పనివలన పదునైదు దినములలో, ఆఱేండ్ల బడి నేర్పలేని దానిని ఆమె చేతివ్రేళ్లు నేర్చినవి: ఒక మాటకు ఒక వస్తువు, ఒక వస్తువునకు ఒక మాట. నోరు ముందు పరుగెత్తుట తగ్గినది. పిదప మా యింట కంచములు వడ్డించు పని యిచ్చితిమి. భోజనమునకు కూర్చుండువారు ఎందఱో అన్ని కంచములు, అన్ని నీళ్లగ్లాసులు. చుట్టములు వచ్చిననాడు ఆమెకు పరీక్ష.

మనయింట గణితపు పనిముట్లకు కొఱత లేదు. ఓమనగుంతల పీట అటకపై నెందఱి యిండ్లలో లేదు? పదునాలుగు గుంతలు, గుంతకొక గింజ వదలుచు పోవుట. మాట, చేయి, వస్తువు మూడును కలిసి నడచుట ఇంతకంటె చక్కగా నేర్పు సాధనమును మేము చూడలేదు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వెల్లకిల పడిన నాలుగు, బోర్ల పడిన ఎనిమిది. కాయను అన్ని గడులు నడపవలెను. గడి తప్పించినచో ఎదుటివారు ఊరకుండరు. ఆటలో వచ్చు ఆ దిద్దుబాటును బిడ్డ అవమానముగా తలంపదు. బడిలో పలకమీద వేసిన యెఱ్ఱగీతను తలంచును.

కొలతలకు మన సోల, తవ్వ, మానిక, అడ్డ యున్నవి గదా! రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. అంతయు రెట్టింపులే. బిడ్డ తన చేతులతో సోలెడు జొన్నలు రెండు మాఱులు తవ్వలో పోసి అంచుదాక వచ్చుట చూచిన పిదప, సగమన్న మాటకు అర్థము చెప్పనక్కఱలేదు. దుకాణములో కిలోలు, గ్రాములు వచ్చినందున పాతకొలతలను పాఱవేయవలదని మా మనవి. అర్ధకిలో, పావుకిలో రాళ్లను ఆ తరువాత తక్కెడలో పెట్టి చూపవచ్చును.

ఇప్పుడు భాషల చిక్కు. తెలుగులో ఇరువదిమూడన్నచో ముందు ఇరువది, పిదప మూడు వినబడును. కన్నడమున ఇప్పత్తమూరు అదే వరుస. పది మొదలు ఇరువది వఱకు మాత్రము మన భాషయు కొంత తబ్బిబ్బు చేయును. పదునొకటి యనక పదకొండు, పండ్రెండు, పంతొమ్మిది యందుము. ఉర్దూలోనో, నూఱువఱకు ఇంచుమించు ప్రతి సంఖ్యకు వేఱు వేఱు రూపము. పైగా చిన్న అంకె ముందు వచ్చును. ముప్పదియైదు పైంతీస్. ఇరువదితొమ్మిదిని ముప్పదికి ఒకటి తక్కువ యను భావమున ఉన్తీస్ అందురు. తెలివిగల పిల్లలు మూడు భాషలలోను బేరమాడుట మా సీమకు అలంకారమే. చిన్నదానికి మాత్రము ఇంట ముప్పైయేడుగా విన్నది దుకాణములో సైంతీసై, అది వేఱొక సంఖ్యగా తోచెడిది. ఆమెకు లెక్కరాదని తలంచినవారిలో, ఆమెకు అర్థము కాని భాషలో లెక్క యడిగినవారే సగము. మేము దుకాణదారునకు చెప్పి, ఆమె వచ్చినప్పుడు ధర తెలుగులోనే, మెల్లగా, ఒకే విధముగా పలుకుమంటిమి. అతడు మంచివాడు; ఒప్పుకొన్నాడు. నూనె కొన్నది ఈ దుకాణము కాదు.

తరువాత డబ్బు. మొట్టమొదట నోట్ల గుర్తింపు. 2016 తరువాత వచ్చిన నోట్లు రంగులలో స్పష్టముగా వేఱుపడును: పది గోధుమవన్నె, ఇరువది ఆకుపసుపు, ఏబది నీలము, నూఱు లేత ఊదా, రెండువందలు పసుపు, అయిదువందలు బూడిదవన్నె. నోట్లు సులభమే, నాణెములే కష్టము. రూపాయి, రెండు రూపాయలు తడిమి చూచినను ఒక్కటిగానే తోచును. కాగితముపై అచ్చువేసిన బొమ్మనోట్లతో నేర్పవలదని ఉపాధ్యాయిని గట్టిగా చెప్పిరి. బొమ్మనోటుతో నేర్చినది బొమ్మయంగడిలోనే పనికివచ్చును. నిజమైన నోటు నలిగి, మడతపడి, మురికిపట్టి వచ్చినప్పుడు బిడ్డ దానిని గుర్తింపదు. మేము నిజమైన పైకమునే వాడితిమి. ఒక రూపాయి రెండు రూపాయలు పోయినవి. పోనిమ్ము.

చెల్లించుటకు ఆమె చెప్పిన ఉపాయము మిక్కిలి చిన్నది. ధర ముప్పైయేడన్నారు. కూడికయు వద్దు, తీసివేతయు వద్దు. ముప్పై యన్నమాట వినబడినది గదా, మూడు పదులు లెక్కించి యిమ్ము; ఏడన్న తోక గూడ వినబడినది గావున ఇంకొక పది చేర్చుము. అంతే. ఇరువదిరెండన్నచో రెండు పదులు, ఇంకొక పది. దీనివలన బిడ్డ ఎన్నడును తక్కువ యియ్యదు, మితిమీఱి యియ్యదు. అయిదువందల నోటు తీసికొని పోవలసిన పనియే లేదు. పదుల కట్ట చాలును. మొదట ఇరువది లోపల ధరలతో ప్రారంభించి, నెలకొక పది పెంచుచు పోతిమి.

చిల్లర మాట. మనము తీసివేత నేర్పి, నలువదిలో ముప్పైయేడు పోగా ఎంతయని యడుగుదుము. ఆ ప్రశ్న చిన్నదాని తల తిరుగజేసినది. పాతకాలపు కోమటులు చిల్లర యెట్లిచ్చెడివారో జ్ఞాపకము చేసికొనుడు. వస్తువును చేతిలో పెట్టి, ముప్పైయేడనుచు, ఒక్కొక్క రూపాయి వేయుచు, ముప్పైయెనిమిది, ముప్పైతొమ్మిది, నలువది యని ముగించెడివారు. అది తీసివేత కాదు, ముందునకు లెక్కించుట. ముందునకు లెక్కించుట చిన్నదానికి వచ్చును గదా! నిమ్మకాయలనాడు పరుగెత్తిన ఆ నోటినే ఇచ్చట పనికి పెట్టితిమి. చిల్లర వచ్చిన వెంటనే అఱచేతిలో పెట్టుకొని, ధరనుండి పైకి లెక్కించి, ఇచ్చిన పైకము వఱకు చేరినదా లేదా చూచుకొనుట.

ఇవన్నియు ఒక్కనాడే నేర్పుటకు వలనుపడదు. దుకాణపు పనిని మెట్లుగా విడదీసి, చివరి మెట్టును ముందు నేర్పవలెనట! మొదటి వారము అన్నియు మేమే చేసి, చిల్లర లెక్కించుట యొక్కటి చిన్నదానికి విడిచితిమి. తరువాత చెల్లించుటయు, చిల్లర లెక్కించుటయు. ఆ పిమ్మట అడుగుటయు. ఇట్లు వెనుకనుండి ముందునకు వచ్చుటవలన బిడ్డకు ప్రతిదినము పని ముగించిన తృప్తి దక్కును. నడుమ ఆపివేసి పెద్దవారు లాగుకొన్నారన్న చిన్నబోవుట ఉండదు. ఈ కిటుకు మేము వంటయింట మా కుమార్తెకు పూరీలు నేర్పుటయందును వాడితిమి. పిండి కలుపుటతో కాక, వేగిన పూరీని తీయుటతో ఆరంభించితిమి.

ఇట్టి నేర్పు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశమున ఇటార్డ్, సెగాన్ అను వైద్యులు పందొమ్మిదవ శతాబ్దిలో, చదువు రాదని త్రోసివేసిన బాలలకు ఇంద్రియముల ద్వారమున విద్య గఱపజూచిరి. ఇటలీలో వైద్యురాలగు మరియా మాంటిస్సోరి వారి గ్రంథములను శ్రద్ధగా చదివి, 1900 ప్రాంతమున రోములో మందబుద్ధులన్న బాలలతో పనిచేసిరి. వారికి పనికివచ్చిన ఉపకరణములనే ఆమె 1907లో తాము తెఱచిన శిశుగృహమున తక్కిన పిల్లలకును వాడిరి. నేడు సంపన్నుల బిడ్డలు వేలు పోసి చదువు మాంటిస్సోరి పద్ధతి పుట్టినది, ఎవరును చదివింపనొల్లని బిడ్డల నడుమ! 1939లో ఆమె చెన్నపురి అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి, ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిరి. ఆమె చేయించిన అంకెకఱ్ఱలు పది. చిన్నది పది సెంటీమీటర్లు, పెద్దది మీటరు. ఎఱుపు, నీలము పట్టెలు మార్చి మార్చి యుండును. మేము కందికట్టెలను జానలుగా కోసి, జాజు, సున్నము పూసి ఆ పని జరుపుకొంటిమి. పదవ కఱ్ఱ కొంచెము వంకర.

మన పంచతంత్రమున అమరశక్తి యను రాజు మొద్దులైన ముగ్గురు కొడుకులను విష్ణుశర్మకప్పగించెను. ఆయన ఆఱు మాసములలో వారిని నీతికోవిదులను చేసెదనని ప్రతిజ్ఞ చేసెను. శాస్త్రములను విడిచి, కాకులను, మృగములను తెచ్చి వారియెదుట నిలిపిన ఆ వృద్ధుని యుక్తి ముమ్మాటికి మెచ్చదగినది. ఆఱు మాసముల మాట మాత్రము మేము నమ్మము. చిన్నదానికి చిల్లర లెక్కించుటకే పదునాలుగు నెలలు పట్టినది. అందును పండుగ సెలవులలో మఱచి, మఱల మొదటికి వచ్చిన దినములు కలవు.

అన్ని బిడ్డలకు ఒకే మందు కాదు. చిన్నదానికి వలె అన్ని విషయములలోను బుద్ధి మెల్లగా వికసించువారు వేఱు. చదువులో, మాటలో చురుకుగా నుండి లెక్కలలో మాత్రమే తడబడు బిడ్డలు వేఱు. ఏడు పెద్దదో తొమ్మిది పెద్దదో ఆలోచింపవలసి వచ్చును, గడియారము చూడలేరు, ఎక్కములు నిలువవు. దీనిని డిస్కాల్క్యులియా అందురు. ఇట్టివారిని సోమరులని దండించుట మన యిండ్లలో నిత్యము జరుగుచున్నది. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించెను. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్కటి గుర్తించి, ఈ అభ్యసన లోపములను గూడ అందు చేర్చినది. నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యము గలదని ధ్రువపత్రము పొందిన బాలలకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటి వఱకు ఉచితముగా చదువు చెప్పవలెననియు, పాఠ్యక్రమమును, పరీక్షలను వారికి తగినట్లు మార్చవలెననియు దానియందున్నది. పెట్టె యడుగున దాచిన కాగితమునకు ఇంత విలువ గలదని ఆ తల్లికి మేము చెప్పు వఱకు తెలియదు.

ఎవరిని సంప్రదింపవలెనని సోదరీమణులడుగవచ్చును. సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో భారత ప్రభుత్వము స్థాపించిన జాతీయసంస్థ యొకటి యున్నది. మునుపు జాతీయ మనోవికలాంగుల సంస్థ యనెడివారు, ఇప్పుడు మేధోవైకల్యము గలవారి సాధికారతకై యని పేరు మార్చిరి. అచ్చట బిడ్డలను పరీక్షింతురు, తల్లిదండ్రులకు తెలియజెప్పుదురు, ప్రత్యేకోపాధ్యాయులను తయారుచేయుదురు. వారు రూపొందించిన పరిశీలనా పట్టికలో చదువొక్కటే కాదు. తన పని తాను చేసికొనుట, నలుగురితో మెలగుట, వృత్తి, వినోదము అన్నియు నుండును. సంఖ్యలు, పైకము, కాలము, కొలత అచ్చట చదువు భాగమున వచ్చును. బిడ్డ ఏ మెట్టుపై నున్నదో, తరువాతి మెట్టేదో దానినిబట్టి తెలియును.

కాలము నేర్పుట మావలన కాలేదని ఒప్పుకొందుము. భాస్కరాచార్యుని కుమార్తె లీలావతి కథ వినియుందురు. లగ్నము తెలిపెడి నీటిగిన్నెలోనికి ఆమె వంగి చూడగా ముత్యము రాలి రంధ్రము మూసికొనిపోయి, ముహూర్తము దాటిపోయినదట. ఆమెను ఓదార్చుటకే తండ్రి 1150లో ఆ గణితగ్రంథమునకు ఆమె పేరు పెట్టెనందురు. నిజమో కల్పనయో గాని, నీరు నిండుట కంటికి కనబడు కాలము. గడియారపు ముండ్లు కనబడని కాలము. చిన్నదానికి పెద్దముల్లు ఆఱుమీద నుండగా అరగంట యెట్లగునో ఇప్పటికిని పట్టుపడలేదు. అంకెలు కనబడు చేతిగడియారము కొనియిచ్చి, ‘ఎనిమిదిన్నరకు బడి’ యని దానిపై కనబడవలసిన అంకెలను కాగితముపై వ్రాసి యద్దమునకు అంటించితిమి. అంకెకు అంకె కలిసినప్పుడు సంచి తగిలించుకొని బయలుదేఱును. ఇది గడియారము చూచుట కాదని మా వారందురు. బడికి సమయమునకు పోవుచున్నది గదా యని మేమందుము.

ఇంకొక క్రొత్త బాధ పుట్టుచున్నది. 2016 నుండి యూపీఐ వచ్చి, ఇప్పుడు మా యూరి చిన్న దుకాణములలో గూడ గీతల చదరమును ఫోనుతో చూపి పైకము చెల్లించుచున్నారు. మనకు సుఖమే. పిల్లల కండ్లయెదుట మాత్రము డబ్బు మాయమైనది. తల్లి ఫోను చూపినది, సరకు వచ్చినది. నోటు తరుగుట లేదు, చిల్లర గలగల లేదు, పర్సు పలుచనగుట లేదు. సాధారణ బాలలే దీనివలన డబ్బు విలువ ఆలస్యముగా తెలిసికొనుచున్నారని మా తలంపు. చిన్నదానివంటివారికి ఇక చెప్పవలెనా? వారియెదుట వారమునకొకమాఱైనను నోట్లు, నాణెములు వాడుడు. ఇది పాతకాలపు చాదస్తమన్నవారు మా యింట వారమొకటి గడిపి చూడవచ్చును.

ఇప్పుడు చిన్నదానికి పదునాలుగేండ్లు. బడి మానలేదు. భాగహారము రాదు, మేము నేర్పజూచుటయు లేదు. పోయిన నెలలో ఒకనాటి సాయంకాలము మా యింట చుట్టములుండగా, చీటి లేకుండ, అయిదు పదిరూపాయల నోట్లిచ్చి, చాపత్తి పొట్లము, అగ్గిపెట్టె, అరకిలో చక్కెర తెమ్మని పంపితిమి. తల్లి కూలినుండి వచ్చి మా అరుగుమీద కూర్చున్నది. కొంతసేపటికి చిన్నది వచ్చి, మా ముఖము చూడక, అరుగు చివర కూలబడి, మిగిలిన నోటు ప్రక్కన పెట్టి, చేతిలోని నాణెములు ఒక్కొక్కటి రాతిమీద పెట్టుచు, “ముప్పైయేడు. ముప్పైయెనిమిది. ముప్పైతొమ్మిది” అని ఆగినది. అఱచేయి తిప్పి చూచుకొన్నది. ఇంకేమియు లేదు. మఱల మొదటినుండి పెట్టినది. మఱల ముప్పైతొమ్మిదికే ఆగినది.

“చిన్నమ్మ, రూపాయి తక్కువిచ్చిండు!” అన్నది.

తల్లి తొందరపడి, “పోనీ తియ్, రూపాయే గద” అనబోగా మేము ఆమె చేయి పట్టుకొంటిమి. చిన్నది అప్పటికే వీథిలోనున్నది. దుకాణము మా అరుగునకు కనబడును. ఆమె అఱచేయి చాచి ఏదో చెప్పుటయు, దుకాణదారు తల గోకికొనుచు నవ్వి గల్లాపెట్టె తెఱచుటయు చూచితిమి. పిడికిలి బిగించుకొని వచ్చి, మా చేతిలో రూపాయి పెట్టి, “నలభై” అన్నది. తల్లి కొంగుతో కన్నులొత్తుకొనుచు, “చక్కెరేది?” అని యడిగినది. చక్కెర పొట్లము దుకాణములోనే మఱచి వచ్చినది.